బూట్‌కో జన్మ

నేనొక డైరెక్టరీని. లినక్స్ సర్వర్‌లో '/రన్' కింద నా కాపురం. నా కడుపులో ఉండేవి రెండే: ఒక డేటాబేస్ సర్వీసు తన ప్రాసెస్ నంబరు రాసుకునే పిడ్ ఫైలు, మిగతా ప్రోగ్రాములు దానితో మాట్లాడే సాకెట్. చిన్న సంసారమే. కానీ నేను లేనిదే ఆ సర్వీసు లేవదు.

మా పెద్దలు '/వార్/రన్'లో, డిస్కు మీద బతికారు. కరెంటు పోయి మెషీను ఆగితే పాత పిడ్ ఫైళ్లు అలాగే మిగిలేవి. వాటిని చూసి, పాత ప్రాసెస్ ఇంకా నడుస్తోందనుకుని కొత్తది వెనక్కి తగ్గిన రోజులున్నాయి. 2011 ప్రాంతంలో లినక్స్ డిస్ట్రోలు '/రన్'కు మారాయి. 2015లో వచ్చిన ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ 3.0 దాన్ని ఖాయం చేసింది. '/రన్' ఉండేది మెమరీలో. మెషీను ఆగితే నేనూ పోతాను. నిన్నటి చెత్త ఇవాళ్టికి మిగలదు.

నన్ను మొదట పుట్టించింది ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ స్క్రిప్టు. డైరెక్టరీ చేసి, సర్వీసు యూజర్ పేర రాసి, తన పని అయిపోయిందనుకుంది. నెలల తరబడి అంతా సవ్యంగా సాగింది. ఒక రాత్రి కెర్నెల్ అప్‌డేట్ చేసి రీబూట్ చేశారు. '/రన్'లో నేను లేను. సర్వీసు మామూలు యూజర్‌గా నడుస్తుంది, రూట్‌కు సొంతమైన చోట నన్ను తయారు చేసుకునే హక్కు దానికి లేదు. లేస్తూనే కూలింది. అడ్మిన్ అర్ధరాత్రి లేచి నన్ను చేత్తో సృష్టించాడు. తర్వాతి రీబూట్‌కు మళ్లీ అదే కథ.

ప్యాకేజీ కొత్త వెర్షన్‌తో నా రాత మారింది. '/యూఎస్ఆర్/లిబ్/టీఎంపీఫైల్స్.డి'లోని ఒక ఫైలులో ఒకే ఒక్క లైను చేరింది: 'డి' అనే అక్షరం, నా పాత్, 0755 అనుమతులు, యూజర్, గ్రూపు. బూట్ అయినప్పుడల్లా, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాన్ని చదివి, సర్వీసు లేచేలోపే నన్ను సిద్ధం చేస్తోంది. ఇన్‌స్టాల్ కాగానే కూడా ఆ పని ఒకసారి చేయించాలి, లేదంటే రీబూట్ దాకా నాకు పుట్టుక లేదు. డైరెక్టరీ ఒక్క సర్వీసుకే కావాలంటే ఇంకా సులువు: ఆ సర్వీసును సిస్టమ్‌డీకి వివరించే యూనిట్ ఫైలులో 'రన్‌టైమ్‌డైరెక్టరీ' ఎదురుగా పేరు రాస్తే చాలు. సర్వీసుతో పుట్టి, సర్వీసుతోనే పోతుంది.

వాకిట్లో ఏ రోజు ముగ్గు ఆ రోజు వేయాల్సిందే. ప్యాకేజీలు కట్టేవాళ్లను నేను కోరేదీ అదే: నన్ను మూటగట్టి పంపకండి, నన్ను పుట్టించే ఆ లైను పంపండి.

నిన్న రాత్రి సర్వర్ మళ్లీ రీబూట్ అయింది. నేను లేచాను, నా వెనకే సర్వీసు వచ్చి సాకెట్ తెరిచింది. అడ్మిన్ ఫోను మోగలేదు.