డబ్బాలో పాడి

పశువుల మందుల షాపులో ఆవుకు లేని రోగం ఉండదు. దుక్కలా ఉంది, మేస్తోంది, నెమరేస్తోంది, అయినా ఏదో ఒక రోగం ఉండే ఉంటుంది. ఏమీ తేలకపోతే ‘పాలు ఇంకా ఇవ్వగలిగి ఉండీ ఇవ్వకపోవడం’ అనే రోగం ఎలాగూ ఉంది. దాని మందు కౌంటరు మీదే కనిపిస్తుంది: అయిదు లీటర్ల డబ్బా, లోపల గులాబీ రంగు ద్రవం, పైన నలుపు తెలుపు మచ్చల సీమావు బొమ్మ. బిందెంత పొదుగు. ఆ ఆవు జన్మలో మన వరిగడ్డి మొహం చూసి ఉండదు. బొమ్మ కింద వరసగా హామీలు: పాలు ఎక్కువవుతాయి, వెన్న శాతం ఎక్కువవుతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాలు) ఎక్కువవుతుంది, సకాలంలో ఎదకొస్తుంది, పొదుగు వాపు దరి చేరదు. మన ఎన్నికల మేనిఫెస్టోల్లో కూడా ఎక్కడో ఒకచోట ‘నిధుల లభ్యతను బట్టి’ అని ఉంటుంది. డబ్బా మీద అదీ ఉండదు.

“రోజుకు వంద మిల్లీ పట్టించు బాబాయ్, వారంలో రెండు లీటర్లు తేడా రాకపోతే నన్నడుగు” అంటాడు కౌంటరు వెనక కుర్రాడు. బాబాయ్ అతన్ని ‘డాక్టరు గారూ’ అంటాడు. వారం తర్వాత అడిగితే డాక్టరు గారి దగ్గర జవాబు సిద్ధం. కడుపులో నట్టలుండి ఉంటాయి, ముందు వాటి మందు వాడాలి. అది కూడా ఇక్కడే దొరుకుతుంది. అదీ పనిచేయకపోతే దిష్టి. దాని మందొక్కటే ఇంకా డబ్బాలో రాలేదు.

అయినా చాలామందికి ఈ టానిక్కు పనిచేసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే దాన్ని మొదలుపెట్టేది ఈనిన పది పదిహేను రోజులకు. ఏ ఆవుకైనా, గేదెకైనా ఈనిన దగ్గర్నుంచి ఆరు, ఎనిమిది వారాల దాకా పాలు వాటంతట అవే పెరుగుతాయి. ఆ తర్వాత మెల్లగా దిగుతాయి. పెరిగేటప్పుడు పోసిన డబ్బాకు పేరొస్తుంది, తగ్గేటప్పుడు రెండో డబ్బా కొనమంటారు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కనీసం ఊరివాళ్లకు బిల్లు వేయలేదు.

ఇంతకీ ఆ గులాబీ నీళ్లు లోపలికి వెళ్లి ఏం చేస్తాయి? ముందు లోపలికి వెళ్లాలి. మూతి పైకెత్తి గొట్టంతో పోస్తుంటే ఆవు తల విదిలిస్తుంది. కాస్త పొరబోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. ఆ సంగతి హామీల జాబితాలో కనిపించదు. సరిగ్గా దిగినా చేరేది వంద లీటర్లు దాటే పెద్ద పొట్టలోకి. అక్కడ కోట్ల కోట్ల సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. విటమిన్ సి వేస్తే చాలావరకు అవే తినేస్తాయి. బి విటమిన్లను అవే తయారు చేసుకుంటాయి.

కాల్షియం సంగతి ఇంకా బాగుంటుంది. లీటరు ఆవుపాలలో దాదాపు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. డబ్బా పోసినా అంతే, పోయకపోయినా అంతే. మేతలో తక్కువైతే ఆవు తన ఎముకల్లోంచి తీసి పాలలో కలుపుతుంది తప్ప పాలను పలచన చేయదు. మేతలో ఎక్కువైతే పాలలో ఎక్కువ పోయదు. పాలు ఎన్ని లీటర్లు రావాలో తేల్చేది లాక్టోజ్ అనే చక్కెర. పొదుగులో అది ఎంత తయారైతే అన్ని నీళ్లను లాక్కుంటుంది. ఆ చక్కెరకు ముడిసరుకు దాణా నుంచి, మేత నుంచి రావాలి. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే కాబట్టి తొట్టి నిండా మంచినీళ్లుండాలి. మధ్యాహ్నం ఎండలో ఖాళీ తొట్టి ముందు నాలుక చాచి నిలబడ్డ ఆవుకు సాయంత్రం వంద మిల్లీల టానిక్కు పట్టించే ఇళ్లు ఎన్ని లేవు!

ఇంకో తమాషా. చూలు ఆవుకు ముందునుంచే కాల్షియం పోస్తే ఈనాక పాలజ్వరం రాదని షాపులో చెబుతారు. జరిగేది దాదాపు తలకిందులు. ఈనడానికి ముందు వారాల్లో కాల్షియం దండిగా అందితే ఎముకల్లోంచి దాన్ని తీసే ఏర్పాటు బద్ధకిస్తుంది. ఈనిన రోజున జున్నుపాలకు ఒక్కసారిగా కావలసి వచ్చేసరికి అది లేవదు, ఆవూ లేవదు. అప్పుడు అసలు డాక్టరు వచ్చి సూదితో నరానికి కాల్షియం ఎక్కిస్తే గాని లేవదు. ఇక్కడ కాల్షియం పనిచేసిందని ఒప్పుకోవాల్సిందే.

ఇక వెన్న శాతం. పాలకేంద్రంలో మిషను చూపించే అంకె మీదే రైతు బతుకు. పాలలోని వెన్నలో సుమారు సగం, పెద్ద పొట్టలో పీచు పులిసి తయారయ్యే ఎసిటేట్ నుంచే పొదుగులో పుడుతుంది. అంటే ఫ్యాటు మూలం గడ్డిమోపులో ఉంది. ఆశకొద్దీ దాణా దట్టించి గడ్డి తగ్గిస్తే పాలు కాస్త పెరిగినా ఫ్యాటు పడిపోతుంది. ఫ్యాటు కోసమని నూనె తెచ్చి పోస్తే పీచును జీర్ణం చేసే జీవులే దెబ్బతిని మళ్లీ ఫ్యాటు పడిపోతుంది. కోత కోశాక చేలో పిల్లిపెసర చల్లుకుని ఆవుకు రోజూ ఒక మోపు వేయమంటే మాత్రం ఎవరూ వినరు. పిల్లిపెసరకు డబ్బా లేదు, మూత లేదు, ఏజెంటుకు బ్యాంకాక్ టూరూ లేదు.

అన్నీ మోసమని కాదు. బాగా పాలిచ్చే ఆవుకు ఈనిన తొలినాళ్లలో, పెద్ద పొట్టలోని జీవుల జోలికి పోకుండా దాటిపోయే బైపాస్ కొవ్వు పనికొస్తుంది. వరిగడ్డి మీద బతికే పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం నిజంగా అవసరం. బూడిదరంగు పొడి అది. వారంలో రెండు లీటర్లు పెంచుతానని అనదు. ఎదకు రావడం, చూలు నిలవడం లాంటి పనులు నెలల మీద చేస్తుంది. అంత నిదానస్తుణ్ణి నమ్మేదెవరు? నగరంలో వాళ్లదీ ఇదే తంతు. పసుపు, అశ్వగంధ మేపిన ఆవుల పాలని గాజు సీసాలో పోసి రెట్టింపు ధరకు ఇంటి గుమ్మంలో పెడితే ఇమ్యూనిటీ అనుకుని తాగుతారు.

మేత నుంచి పాలలోకి నిజంగా వచ్చేవీ కొన్ని ఉన్నాయి. అయోడిన్ వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి తింటే వాసన వస్తుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క తింటే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం ఒక్క రోజులోనే వస్తుంది, కాచినా పోదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించి 2019లో నివేదిక ఇచ్చింది. అందులో 5.7 శాతం నమూనాల్లో ఈ విషం పరిమితి దాటింది. అయినా వానాకాలం కొట్టంలో చెమ్మగిల్లిన చెక్కబస్తాను మూతి విప్పి చూసేవాడు లేడు. అందరి కళ్లూ గులాబీ డబ్బా మీదే.

కాబట్టి కంపెనీలకో ప్రతిపాదన. డబ్బులు ముందు తీసుకోకండి. రైతు మీ టానిక్కు నెలంతా పోస్తాడు. పక్క కొట్టంలో అదే ఈత, అదే నెల ఉన్న ఆవుకు మామూలు మేతే వేస్తారు. నెలాఖరున పాలకేంద్రంలో రెండు ఆవుల చీటీలూ పక్కపక్కన పెడదాం. తేడా వస్తే ఆ తేడాకు ఫ్యాటు ప్రకారం ఎంతవుతుందో లెక్కగట్టి, అందులో సగం పదిహేను రోజుల బిల్లులో మీకు జమ చేద్దాం. తక్కువొస్తే రైతుకు వేసే కోతే మీకూ వేద్దాం. మిషను సరిగా లేదని గొడవ పడొచ్చు గానీ, రైతు పడితే ఎంత వింటారో మీరు పడినా అంతే వింటారు.