మే నెలలో మైనస్ 40

కారు బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూడటం నాకు మహా ఇష్టం. అర్థం కావడం వేరే సంగతి. నాది పాత డీజిల్ స్విఫ్ట్. అందులోది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల ఇంజన్. ఒకప్పుడు స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో ఎక్కడ చూసినా ఇదే ఉండేది కాబట్టి దీన్ని జాతీయ ఇంజన్ అని వేళాకోళం చేసేవాళ్లు. 2020 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. అలా ఆగిపోయిన బండిని నడిపేవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ప్రతిదానికీ మెకానిక్ ఎందుకు, మనమే విప్పి చూద్దాం అనే జబ్బు. నాకది బాగా ముదిరింది.

శంకర్‌పల్లిలో ఉండేవాళ్లకు దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. మోకిల వైపు పోతే వెంచర్ల మట్టి, చేవెళ్ల వైపు పోతే చెల్క మట్టి, ఎటు పోయినా ముందొక కంకర టిప్పర్. అలాంటి రోడ్ల మీద తిరిగే బండి ఒకరోజు కోకాపేట దగ్గర ఔటర్ ఎక్కుతుంటే మూడో గేరులో మూలిగింది. తొక్కితే శబ్దం వస్తోంది గానీ పికప్ లేదు. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలగలేదు. అయినా తప్పు గాలిని కొలిచే సెన్సర్‌దేనని ఇంటికొచ్చేలోపే తీర్పు ఇచ్చేశాను. యూట్యూబ్ చూసేవాళ్లం సాక్ష్యాల దాకా ఆగం.

ఆ సెన్సర్ పని నిజానికి ముచ్చటగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టంలో కూర్చుంటుంది. లోపల సన్నటి పొరను కరెంటుతో వేడిగా ఉంచుతారు. వచ్చే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఎంత చల్లారుతోందన్న దాన్నిబట్టి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోతోందో ఇంజన్ కంప్యూటర్ లెక్క కడుతుంది. గాలి తక్కువైతే డీజిల్ కూడా తగ్గిస్తుంది, లేకపోతే నల్లపొగ వస్తుంది కాబట్టి. పక్కనే గాలి వేడిని కొలిచే చిన్న పూస ఒకటి, వెంట్రుకంత సన్నటి రెండు తీగల మీద నిలబడి ఉంటుంది. దాని గురించి వీడియోలో చెప్పే ఉంటారు. నేను ముందుకు జరిపేసి ఉంటాను.

బండికి తగిలించి ఫోనులో చూసే బ్లూటూత్ స్కానర్ కొన్నాను. బండి న్యూట్రల్‌లో ఉంటే సెకనుకు తొమ్మిది గ్రాములు చూపించింది. తక్కువేమో అనిపించింది. ఎంత ఉండాలో తెలియకుండానే అనిపించింది. కాగితం మీద లెక్క వేసుకుంటే తేలిపోయేది. 1.25 లీటర్ల ఇంజన్, నిమిషానికి 850 చుట్లు, రెండు చుట్లకోసారి నిండుతుంది. అంటే సెకనుకు తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ. లీటరు గాలి గ్రాము పైచిలుకు. పొగను వెనక్కి తిప్పే ఈజీఆర్ వాల్వ్ మూసి ఉంటే తొమ్మిది గ్రాములంటే సరిగ్గా ఉన్నట్టే. హైస్కూలు గుణకారం. స్కానర్‌కు డబ్బు పెట్టినవాణ్ణి ఆ గుణకారానికి రెండు నిమిషాలు పెట్టలేదు.

ఇక సెన్సర్ కడగడానికి ప్రత్యేకమైన స్ప్రే ఉంటుంది. ఆరిపోయాక మరక మిగల్చదు. అది దొరకలేదు. కొట్టువాడు కార్బురేటర్ క్లీనర్ ఇస్తే "క్లీనరే కదా" అని తెచ్చుకున్నాను. నా బండిలో అసలు కార్బురేటరే లేదన్న విషయం అప్పుడైనా వెలగాల్సింది. అది జిడ్డును కరిగించే ఘాటు మందు; సున్నితమైన పొర మీదా ప్లాస్టిక్ మీదా కొట్టేది కాదు. కొట్టాను. చాలదన్నట్టు చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని, పూస చుట్టూ శ్రద్ధగా తుడిచాను. శ్రద్ధ అనే మాట ఇక్కడ కావాలనే వాడుతున్నాను. నిర్లక్ష్యంగా చేసినా ఆ తీగ మిగిలేది.

మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పీ0113 అనే కోడ్, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు. బయట మే నెల ఎండ, చెప్పుల్లేకుండా నేల మీద కాలు పెట్టలేం. పూస తీగ తెగితే అందులోంచి కరెంటు పారదు కాబట్టి, కంప్యూటర్ దాన్ని అతి చలిగా లెక్క వేసుకుంటుందట. కొలతలో అంతకంటే కిందికి గీత లేదు. మా ఆవిడ వచ్చి ఫోనులోకి చూసి, "ఇక ఏసీ ఎందుకండీ, ఈ గొట్టమేదో ఇంట్లో పెట్టించండి" అని వెళ్లిపోయింది.

మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆయన సెన్సర్ చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"దేంతోని కడిగిన్రు సార్?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఫిల్టర్ చూసిన్రా?"

చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు. పంక్చర్ షాపుకు పోయినప్పుడల్లా కంప్రెసర్‌తో గాలి కొట్టించేవాణ్ణి కదా! ఆయన డబ్బా క్లిప్పులు ఊడదీసి ఫిల్టర్ బయటికి తీసి నేలకేసి తట్టాడు. కాగితం మడతల మధ్య ఎర్రమట్టి గట్టిపడి కూర్చుంది. పైపైన దులుపుకుంటూ, అసలు దుమ్మును లోపలికే ఎక్కిస్తూ వచ్చానన్నమాట. నెమ్మదిగా పోతే ఇంజన్‌కు ఆ గాలి సరిపోయేది. గట్టిగా తొక్కితే చాలేది కాదు. సెన్సర్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గాలి రావట్లేదని ఉన్నదున్నట్టు చెప్పింది. నిజం చెప్పినదాని నోరు కడిగి, నాలుక కోశాను.

ఫిల్టర్ కొన్ని వందలు. సెన్సర్ కొన్ని వేలు. పూస ఒక్కటే విడిగా అమ్మరు, మొత్తం మార్చాల్సిందే. రాణిగంజ్‌లో రెండు మూడు కొట్లు తిరిగి కొత్తది తెచ్చుకున్నాను. చిలుకూరు బాలాజీకి వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. సెన్సర్ కోసం ఎన్ని చేయాలో అడగడానికి మొహం చెల్లక, గుడి దారి తప్పించి ఇంటికొచ్చాను.

మీ బండికి పికప్ తగ్గితే ముందు ఫిల్టర్ డబ్బా తెరవండి. చాలా బండ్లలో దానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. సెన్సర్ కడగాల్సే వస్తే ఇగ్నిషన్ ఆపి, దానికోసం చేసిన స్ప్రేనే కాస్త దూరం నుంచి కొట్టండి. వేలు గానీ పుల్ల గానీ తగలనివ్వకండి, పూర్తిగా ఆరాకే బిగించండి. నా కార్బురేటర్ క్లీనర్ డబ్బాలో ఇంకా సగం పైగా ఉంది. మన చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పాత బజాజ్ చేతక్ నడుస్తుంటే వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులేం వద్దు.