మోత మనది, మాఫీ వాళ్లది

పార్సిప్పనీ రూట్ 46 మీద పెట్రోలు బంకులో మనం పంపు ముట్టుకోకూడదు.
1949 నుంచీ న్యూజెర్సీ చట్టం అంతే.
మన జేబు మాత్రం ఎవరైనా ముట్టుకోవచ్చు. 2016లో రాష్ట్రం గ్యాలన్‌కు 23 సెంట్ల పన్ను ఒక్క దెబ్బకి వడ్డించింది.

చమురు కంపెనీల సంగతి వేరు. బావి తవ్వే ఖర్చు మీద వాళ్లకు పన్ను రాయితీ 1913 నుంచీ ఉంది. నూరేళ్లు దాటినా పసిబిడ్డేనట, ఉగ్గుపాలు పోస్తూనే ఉన్నారు.

ఇక మాన్పిద్దామని 2012 మార్చిలో మన సెనేటరు బాబ్ మెనెండెజ్ బిల్లు పెట్టాడు. అవునన్నవాళ్లు 51, కాదన్నవాళ్లు 47.
గెలిచిందనుకున్నారా? ఓడింది. చర్చ ముగించాలంటేనే 60 కావాలట! లెక్కల మాస్టార్లు సెనేట్ గ్యాలరీ వైపు వెళ్లకపోవడం మేలు.

తర్వాత ఆ మెనెండెజ్‌గారి ఇంట్లోనే బంగారు కడ్డీలు దొరికాయి. చమురుతో సంబంధం లేని లంచం కేసు, 11 ఏళ్ల జైలు.

చమురు కంపెనీలు ముక్కున వేలేసుకుని ఉంటాయి. లాబీయింగ్‌కు దర్జాగా చెక్కు రాసి, రసీదు పుచ్చుకునే రోజుల్లో ఇంకా కడ్డీలు మోసేవాళ్లున్నారా అని.