దుబాయ్ ప్లంబర్, లోకల్ ప్లంబర్

కోరుట్ల వైపు పెండ్లి సంబంధాల బజారులో ధరలు ఎట్లా పలుకుతాయో ఒకసారి చూడండి. "పిలగాడు ఏం జేస్తడు?" అని అడుగుతారు. "ప్లంబర్ పని" అంటే చాయ్ కప్పు కింద పెట్టి, "ఇంటికి వొయ్యి మాట్లాడుకొని జెప్తం" అని లేస్తారు. "దుబాయ్‌ల ప్లంబర్" అన్నారనుకోండి, లేచినవాళ్లు మళ్లీ కూర్చుంటారు. రెండుచోట్లా అదే పానా, అదే ఎల్బో, అదే టెఫ్లాన్ టేపు. మన దగ్గర పైపు పనికి చెల్లే డిగ్రీ ఒక్కటే, అరేబియా సముద్రం దాటడం.

మిగతా డిగ్రీలకు కొదవలేదు. కొండగట్టు కాడ నాచుపల్లిలో జేఎన్టీయూ కాలేజీ ఉంది. సిరిసిల్లకు 2021లో ఇంకొకటి వచ్చింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైన నాటి నుంచి వాడకో ఇంజినీరు తయారయ్యాడు. ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరు పాసై, బెర్నూలీ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పే ఆ బాబు, బాత్రూంలో నల్లా కారితే కింద బకెట్ పెట్టి ప్లంబర్‌కు ఫోన్ చేస్తాడు. వచ్చిన మనిషి టెన్త్ ఫెయిలు. ఫిట్టింగ్ విప్పి, మరల్లో ఇరికిన పాత టేపును గోటితో గీకి, కొత్త టేపును మర బిగిసే దిక్కుకే గట్టిగా లాగి చుడతాడు. ఎదురు దిక్కుకు చుడితే బిగించేకొద్దీ టేపు ఊడి వస్తుందని అతనికి తెలుసు. ఆ సంగతి పరీక్షలో రాదు కాబట్టి బాబుకు తెలియదు. పది నిమిషాల్లో కారడం ఆగుతుంది, అప్పుడు ఇంటాయన నోరు మొదలవుతుంది. "పది నిమిషాల పనికి ఐదు వందలా?" కొడుకు చదువుకు పోసిన డబ్బును ఆయన ఎన్నడూ నిమిషాల్లో లెక్క కట్టలేదు.

ఇంతకీ ఈ మనిషికి పని ఎవరు నేర్పారు? ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు ఉన్న మాట నిజమే. మన ప్లంబర్లలో ఎక్కువమంది చదివింది మాత్రం మేస్త్రి యూనివర్సిటీలో. సంచి మోయడం ఫస్టియర్, గోడకు గాడి కొట్టడం సెకండియర్, వాటం చూసి పైపు దించడం పీజీ. నానీ ట్రాప్‌లో నీళ్లు నిలవకపోతే ఇల్లంతా కంపు కొడుతుందని తెలిసినవాడికి పీహెచ్‌డీ ఇచ్చినట్టే. సర్టిఫికెట్ చూపించమని ఊళ్లో ఎవరూ అడగరు. గ్యాస్ స్టవ్ పనికి మేస్త్రి చదువు కూడా అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ ఉన్నవాడల్లా మెకానిక్కే. పగిలిన రబ్బరు ట్యూబు మీద ముద్రించిన తేదీ ఎవరూ చదవరు, బైండింగ్ వైరు చుట్టి దేవుడికి దండం పెట్టుకుంటారు.

న్యూజిలాండ్ అనే దేశంలో ఈ గ్యాస్, నల్లా, మోరీ పనులు మూడింటికీ కలిపి ఒకటే బోర్డు ఉంది, దానికి 2006లో చేసిన చట్టమూ ఉంది. లైసెన్సు లేకుండా గ్యాస్ పైపు ముట్టుకుంటే కేసు పెడతారు. పాపం, వాళ్లకు బైండింగ్ వైరు సంగతి తెలియదు.

ఇక మనవాడిని పని వచ్చా అని అడిగింది సౌదీ. ప్లంబర్ వీసా కావాలంటే ముందు ఇక్కడే నైపుణ్య పరీక్ష పాస్ కావాలని షరతు పెట్టింది. ఇరవై ఏండ్లు గోడలు తొలిచిన మేస్త్రి కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కుంటాడు. మన సర్కారు మాత్రం పైపు జోలికి పోదు. అది చూసేది పదో తరగతి మెమో. టెన్త్ పాసైతే గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, ఫెయిలైతే కావాలి. పద్యం అప్పజెప్పగలిగినవాడు కఫీల్ అనే అక్కడి యజమాని దగ్గర మోసపోడని 1983 ఎమిగ్రేషన్ చట్టం నమ్మకం కాబోలు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు ఆగినప్పుడల్లా ఏజెంట్ల ఆఫీసులు నడుస్తాయి. మిత్తికి అప్పు తెచ్చి, పేరుకే యజమాని ఉండే ఆజాద్ వీసా కొంటారు. కాగితం మీద ప్లంబర్, దిగినంక ఒంటెల కాపరి. ఇవి కొత్త కథలు కావు, జగిత్యాల పల్లెల్లో ఏ గడపనడిగినా చెబుతారు.

మనవాళ్లు అటు పోతే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పైపులు బిగించేదెవరు? చాలాచోట్ల ఒడిశాలోని కేంద్రపడా జిల్లావాళ్లు. అక్కడి పట్టాముండాయి ప్లంబర్లు దేశమంతా ఉన్నారు. ఒడిశా ప్రభుత్వం అదే ఊళ్లో ప్లంబింగ్ కోసమే ఒక సంస్థ పెట్టింది. మన ప్రభుత్వం ఇంకా ముందుకు ఆలోచించింది. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన చేసి, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకుంది. రోబోటిక్స్ కూడా నేర్పుతారట. సంతోషం. మిషన్ భగీరథ కింద లక్ష కిలోమీటర్లకు మించి పైపులు వేసుకున్న రాష్ట్రం మనది. అవి కారినప్పుడు రోబోనే పిలుద్దాం.

ఆ రోబో మోరీలోకి కూడా దిగితే మరీ సంతోషం. ఎందుకంటే మోరీ పనికి మన దగ్గర ఐటీఐ లేదు, సౌదీ పరీక్ష లేదు, మేస్త్రి యూనివర్సిటీ కూడా లేదు. ఆ పట్టా పుట్టుకతోనే చేతికొస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దించొద్దని 2013లో చట్టం చేసుకున్నాం. పదేళ్ల తర్వాత కూడా చావులు ఆగలేదు కాబట్టి సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

గల్ఫ్‌లో ప్రాణం పోతే ఇంటివాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తున్నది. ప్రాణంతో ఉండి మన బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చున్నవాడు అడిగింది ఐదు వందలు. నాలుగు వందలు చేతిలో పెట్టి, "మల్లొచ్చినప్పుడు సూద్దాం తియ్యి" అని పంపించాం.