కట్నం బండి అల్లుడు

మా పాలమూరు, నల్లగొండ దిక్కు పెండ్లికి ముళ్లు మూడు కావు, నాలుగు. మూడు తాళికి. నాలుగోది కొత్త బండి హ్యాండిలుకు కట్టే ఎర్ర రిబ్బనుకు. మొదటి మూడు వేసేటప్పుడు పిలగాడి చెయ్యి వణకదు. నాలుగోది విప్పి బండెక్కుమన్నప్పుడు వణుకుతది. ఎందుకంటే ఆయనకు బండి అడుగుడు వచ్చింది గని, నడుపుడు రాలే.

ఆయనే కట్నం బండి అల్లుడు.

గుర్తుపట్టుడు కష్టం కాదు. షోరూమోళ్లు సీటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఆర్నెల్లయినా తియ్యడు. ఎండకు అది పెనం లెక్క కాలినా ఓర్చుకొని కూసుంటడు. హెల్మెట్ ఉంటది, తల మీద ఉండదు. పెట్టుకుంటే మొఖం కనబడదు. మొఖం కనబడకుంటే బండి ఎవరిదో ఊరికి ఎట్ల తెలుస్తది? అందుకని మోచేతికి తొడుక్కుంటడు. చట్టం తలకాయను కాపాడుకొమ్మన్నది. ఈయన మోచేతిని కాపాడుకుంటడు.

ఈ అల్లుని వంశం పాతదే. తాతల కాలంల అల్లుడు అలిగితే సైకిలుకు, చేతి గడియారానికి, రేడియోకు అలిగేటోడు. నాయినల కాలానికి ఆ అలక బజాజ్ చేతక్ స్కూటరు దాక వచ్చింది. 1985ల హీరో హోండా సీడీ 100, 1994ల స్ప్లెండర్ వచ్చినంక అలిగిన అల్లుండ్లందరికి చాన ఏండ్లు అదొక్కటే మందు. 2001ల పల్సర్ వచ్చి ఆ మందు రేటు పెంచింది. కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమని 1961లనే చట్టం వచ్చింది గనక, దాన్ని ఎవ్వరు కట్నం అనరు. "మేమైతే ఏం అడగలే బావా, పిలగాడే జర బండి మీద మనసుపడ్డడు" అంటరు. తాత కాలపోడు నయం. గంటకింత అని కిరాయి సైకిలు తీసుకొని, మోకాళ్లు పగలగొట్టుకొని, నేర్చుకున్నంకనే సైకిలు అడిగిండు.

మరి మీసం రాని పోరలు సుత నాయిన టీవీఎస్ మీద పాల క్యాను పెట్టుకొని ఉరికే ఊర్లల్ల, ఈయన ఒక్కడు బండి రాకుండ ఎట్ల మిగిలిండు? సదువు చేసిన పని అది. అయిదో తరగతి నుంచి హాస్టల్ల సదివిండు. డిగ్రీ అయినంక హైదరాబాదు అశోక్‌నగర్‌ల రూమ్ తీసుకొని సర్కారు కొలువు కోసం పుస్తకాలు తిరగేసిండు. పోవుడు బస్సుల, వచ్చుడు బస్సుల. మోటారు వాహనాల చట్టం ఏ సంవత్సరంది అని అడుగు, 1988 అని టక్కున చెప్తడు. క్లచ్ ఏ చేతి కింద ఉంటది అంటే మాత్రం రెండు చేతులు ముంగటికి చాపి చూసుకుంటడు.

లర్నింగ్ లైసెన్సు పరీక్ష అందుకే ఆయనకు పండుగ. కంప్యూటర్ ముంగట కూసుంటే ఒక్క బొమ్మ తప్పలే. ముప్పై దినాలు ఆగినంక అసలు పరీక్ష. 8 ఆకారంల బండి తిప్పాలె, కాలు కింద పెట్టొద్దు. మొదటి మాటు ఆయన తిప్పింది ఎనిమిది కాదు, సున్న. రెండో మాటు ఎనిమిదే మొదలుపెట్టిండు గని నడుమ కాలు పెట్టి మూడు చేసిండు. లర్నింగ్ లైసెన్సు ఆర్నెల్లు నడుస్తది గనక బతికిపోయిండు.

ఎండకాలం ఎండిపోయిన ఊరి కుంటనే మా డ్రైవింగు స్కూలు. ఎవ్వరు చూడొద్దని అల్లుడు తెల్లారకముందే బండి నూక్కుంట పోతడు. ఊరు ఆయన కంటే ముందు లేస్తది. దోస్తుగాడు ఎనుక కూసొని "క్లచ్ మెల్లగ ఇడువురా" అంటడు. మెల్లగ అంటే ఎంత మెల్లగనో ఏ పుస్తకంల లేదు. ఈయన ఇడిస్తే బండి మేకపోతు లెక్క ఒక్క ఎగురు ఎగిరి బందయితది. మల్ల స్టార్టు, మల్ల ఎగురు. దోస్తు బండికి గేర్లన్ని ముంగటికే తొక్కాలె. ఈయన బండికి ఒకటి కిందికి, కడమయన్ని మీదికి. దాని మీద నేర్చుకున్నది దీని మీద ఎక్కంగనే మర్లబడతది. గట్టు మీద కట్టె గదువకు ఆనించుకొని చూస్తున్న గొర్ల కాపరి చివరికి ఉండబట్టలేక నోరు తెరుస్తడు. "బిడ్డా, గొర్లు అడ్డమొస్తే హారన్ కొట్టకు. ఆగు. ముంగటి గొర్రె పోయినంక ఎనుకటియి అయ్యే పోతయి." నేర్చుకున్న కాలంల ఆయనకు అక్కరకొచ్చిన మాట అదొక్కటే. ఆయన విననిది కూడ అదొక్కటే.

పదిహేను దినాలకు రోడ్డెక్కిండు. రోడ్డు మీద ఆయనకు ఒక వింత ఎదురైంది. ఎదురుంగ వచ్చేటోళ్లందరు ఆయనకు చెయ్యి లేపి, పిడికిలి మూసి తెరుస్తున్నరు. లారీ డ్రైవరు, ఆటో అన్న, సైకిలు మీద పోయే తాత, అందరు. బండికి ఇంత మర్యాద ఉంటదా అని పొంగిపోయి ఈయన సుత అందరికి చెయ్యి ఊపుకుంట పోయిండు. ఇంటికొచ్చి చెప్తే పెండ్లాం కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది. "నీ మొఖం జూసి కాదయ్యా, పట్టపగలు లైటు ఎలుగుతుందని చెప్తుండ్రు." లైటు బందు చేద్దామని ఆయన రాత్రంత స్విచ్చి ఎతికిండు. స్విచ్చి లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ముంగటి లైటు ఎప్పుడు ఎలిగే ఉండాలని రూలు. పిడికిలి మూసి తెరుచుడు మాత్రం ఊర్లల్ల ఇంక బందు కాలే.

ఇగ ఆమె ముచ్చట చెప్పాలె. ఆమెది హాలియా దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. నాట్లప్పుడు కూలోళ్లకు సద్ది, మందు బస్తాలు, తమ్ముడు, అన్ని ఒక్క టీవీఎస్ మీద ఎక్కించుకొని ఒడ్ల మీద నడిపిన పిల్ల. మొగుని ఎనుక కూసుంటే ఆమె కాళ్లు ఊకే లేని బ్రేకును తొక్కుతయి. అయినా ఊరి పొలిమేర దాటే దాక నోరు తెరవది. దాటినంక ఒక్కటే పాట. "ఇగో, గేరు మార్చు. ఇగో, గుంత. ఇగో, సైడు స్టాండు తియ్యలే."

మొదటి దసరా వచ్చింది. బండి కడిగి, బొట్లు పెట్టి, పూలదండ ఏసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిండ్రు. నకిరేకల్ నిమ్మ మార్కెట్ ఉన్న జిల్లా ఆడబిడ్డ, నిమ్మకాయలకు కరువా? జడ్చర్ల కాడి నుంచి 167 నంబరు హైవే ఎక్కి అత్తగారింటికి బయలెల్లిండ్రు. కల్వకుర్తి దాక ఎట్లనో నడిపిండు. ఆడ లారీలు రెండు దిక్కుల నుంచి ఊపుకుంట పోయేసరికి బండి పక్కకు ఆపి, "నడుము పట్టేసినట్టుంది, జర నువ్వు పడతవా?" అన్నడు. ఆమె ఏం అనలే. కొంగు దోపుకొని ముంగటికి జరిగింది.

అప్పుడు చూడాలె అల్లుని భద్రత! మోచేతి మీది హెల్మెట్ తల మీదికి ఎక్కింది. అద్దం కిందికి దిగింది. ఎదురుంగ సుట్టపోళ్ల కారొచ్చినా గుర్తుపట్టే ఉపాయం లేదు. మల్లేపల్లి దాటింది, రాళ్ల గుట్టలు ఎనకబడ్డయి, పచ్చటి మడికట్లు మొదలైనయి. ఊరు కిలోమీటరు ఉన్నదనంగ మల్ల ఆగిండ్రు. ఈయన ముంగటికొచ్చిండు. హెల్మెట్ మోచేతికి పోయింది.

ఆ ఏడు దసరా లేటు. ముందు కోసిన వడ్లు రోడ్డెక్కినయి. సగం రోడ్డు మీద వడ్లు, ఒడ్డుకు వరుసగ రాళ్లు, మిగిలిన సగంల గొర్లు. అల్లుడు హారన్ కొట్టిండు. గొర్లు బెదిరి ఉన్న తొవ్వంత నిండినయి. బండి వడ్లల్లకు దిగింది. బ్రేకు తొక్కిండు. వడ్ల మీద బ్రేకు తొక్కుడంటే సబ్బు మీద కాలు పెట్టుడే. బండి మెత్తగ ఒక పక్కకు ఒరిగింది. ఆమె ముందే దుంకింది. ఈయన బోర్ల పడ్డడు.

వడ్లు తిరగేస్తున్న ముసలమ్మ పార పట్టుకొని ఉరికొచ్చి, మొఖం జూసి ఆగింది. "అయ్యో, మనోళ్ల కొత్తల్లుడే గదనే!" అని నవ్వాలో తిట్టాలో తెల్వక రెండు చేసింది. జమ్మి కాడికి పోవాల్సిన ఊరంత అటే వచ్చింది. బామ్మర్ది "బావా, దెబ్బ తాకిందా?" అనుకుంటనే ఫోను తీసిండు. మామ వచ్చి ముందుగాల బండిని లేపిండు, తర్వాత అల్లుణ్ణి. కిస్తీలు ఇంక పద్దెనిమిది ఉన్నయి మరి. నొసట బొడుపు కట్టింది. మోచేతికి గీత సుత పడలే.

ఇప్పుడు ఏడాదైంది. ఎనిమిది తిప్పి లైసెన్సు తెచ్చుకున్నడు. గొర్లొస్తే ఆగుతడు. హెల్మెట్ తల మీదనే ఉంటది. నొసటి మచ్చ కనబడొద్దని అంటరు గని, ఏదైతేంది, ఉంటది. ఒక్కటి మాత్రం మారలే, ఎవరడిగినా "నా బండి" అంటడు. "పాలమూరోనివి గద, నీ బండికి టీజీ 06 ఉండాలె, నల్లగొండ 05 ఎందుకుంది?" అంటే "షోరూమ్ ఆడ ఉండె" అంటడు. చట్టం సంవత్సరం తెలిసినోనికి అండ్లున్న సంగతి తెల్వక కాదు. బండిని షోరూమ్ ఉన్న కాడ కాదు, యజమాని ఉండే కాడ రిజిస్టరు చేస్తరు.

మామ పెండ్లికి ముందే ఆ పని చేసిండు. ఆర్‌సీ కార్డు మీద ఉన్నది ఆయన బిడ్డ పేరు.