బైండొత్తు కుఱ్ఱడా! (ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు)

ఫైలు రెండు గలుప బైండొత్తు కుఱ్ఱడా
పేరు లొకటి యైన బేర మేమి
యింటిగోడ నిలుచు నెదురింటి గోడయున్
దాని దళమె దాల్చి తలను వంచు

టీక: ఫైలు రెండు కలుపన్ = రివిట్ అనే భవన నమూనాల సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా గీసిన రెండు మోడళ్లను ఒకటి చేయడానికి; బైండు ఒత్తు = ‘బైండ్ లింక్’ నొక్కునట్టి; కుఱ్ఱడా = ఓ జూనియర్ ఆర్కిటెక్టూ; పేరులు ఒకటి ఐనన్ = రెండు ఫైళ్లలోనూ గోడ రకానికి ఒకే పేరుంటే; బేరము ఏమి = ఇక మాట్లాడేదేముంది; ఇంటిగోడ నిలుచున్ = నువ్వు తెరిచి కూర్చున్న ఫైలులోని గోడ చెక్కుచెదరదు; ఎదురింటి గోడయున్ = లింకుగా వచ్చిన గోడ సైతం; దాని దళమె తాల్చి = మొదటిదాని మందాన్నే తొడుక్కొని; తలను వంచున్ = లొంగిపోతుంది.

తాత్పర్యం: మన ఫైలులో ‘బయటి గోడ’ అంటే 200 మి.మీ. ఏఏసీ బ్లాకు. వచ్చిన ఫైలులో అదే పేరుకు అర్థం 230 మి.మీ. ఇటుక గోడ. కలపగానే అదీ 200 అయిపోతుంది. మధ్యరేఖ పట్టుకొని గీసిన గోడ కనుక ఒక్కో ముఖం 15 మి.మీ. ఆ రేఖవైపు జరుగుతుంది. గదికి రెండు పక్కలా అదే గోడైతే గది వెడల్పు 30 మి.మీ. పెరుగుతుంది. కార్పెట్ ఏరియా పెరిగిందని మార్కెటింగువారు సంబరపడతారు, పునాది పోసినవారు పడరు.

విశేషాలు: ‘దళము’ అంటే ఆకు, సేన అనే అర్థాలూ ఉన్నాయి. సేన అని చెప్పుకున్నా చెడదు, ఇది ఆక్రమణే కాబట్టి. ‘బేర మేమి’ అనడంలో కవి కొంత అన్యాయం చేశాడు. ఈ పేర్లు ఇక్కడ ముందే ఉన్నాయి, కానీ వేరుగా ఉన్నాయి, ఇక్కడివే వాడతాను అని రివిట్ ఒక పెట్టె తెరిచి మరీ చెబుతుంది. రద్దు మీట కూడా ఇస్తుంది. ఆ పెట్టెను కడదాకా చదివినవాణ్ణి నేనింకా చూడలేదు. చేయి ఓకే మీదే ఉంటుంది.

శంక: ఆటోక్యాడ్‌లోనూ ఇంతేనా?

సమాధానం: అక్కడ ఎక్స్‌రెఫ్‌ను, అంటే లింకుగా తెచ్చిన ఫైలును, కలపడానికి రెండు దారులు. బైండ్ అంటే వచ్చిన ఫైలు పేరుకూ లేయరు పేరుకూ నడుమ డాలర్-సున్నా-డాలర్ వచ్చి కూర్చుంటుంది. వ్యాకరణంలో ఇది ఆగమం. ఎవరి గోడ వారికుంటుంది గానీ లేయర్ల జాబితా చేంతాడవుతుంది. ఇన్సర్ట్ అంటే ఆదేశం: వచ్చినదాని పేరు ఉన్నదాంట్లో కలిసిపోతుంది. మన కవి ఆదేశ పక్షపాతి. రివిట్‌వాడు మరి!

మళ్లీ రివిట్‌కు వస్తే, ఏ ఫైలు మూలబిందువు ఎక్కడుందో చూసుకోకుండా ‘సెంటర్ టు సెంటర్’ పెట్టి లింకు తెస్తే క్లబ్‌హౌసు ఈతకొలనులో తేలే వైనాన్ని కవి వదిలేశాడు. ఆటవెలదిలో చోటు చాలలేదనుకోవాలి.

ఇక ‘తలను వంచు’ అన్న క్రియకు కర్త ఎవరు? గోడ అని ఒక మతం. అన్వయానికి అదే సుఖం. సైటులో మేస్త్రీ గోడకు టేపు పెట్టి, ప్లాను చూసి, మళ్లీ టేపు చూసి, “ఏది కట్టమంటారు సార్?” అని అడిగినప్పుడు పక్కన నిలబడ్డవాడే కర్త అని రెండో మతం. ఈ వ్యాఖ్యాతది రెండోదే, టేపు ఇంకో కొస పట్టుకున్నది తానే గనుక.