పట్టా ఆమెకు, ధీమా ఆయనకు

పేదలకు సర్కారు కట్టించే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఇల్లాలి పేరు మీదే ఇవ్వాలని తెలంగాణలో నిబంధన. మంచిదే. 560 చదరపు అడుగులకు ఆమె మహారాణి. గుమ్మం దాటాక వచ్చే కారిడార్, మెట్లు, లిఫ్టు, కింద స్టిల్ట్ పార్కింగ్ మాత్రం ఎవరి పేరు మీదా లేవు. ఎవరిదీ కాని జాగా మన దేశంలో ఎంతసేపు ఖాళీగా ఉంటుంది? పొద్దు వాలేసరికి నలుగురు హక్కుదారులు పేకముక్కలతో, క్వార్టర్ సీసాతో దిగిపోతారు. వాళ్లకు పట్టా కూడా అక్కర్లేదు.

అలాంటి ఓ కాలనీలో (పేరెందుకు, పదూళ్లవాళ్లు భుజాలు తడుముకుంటారు) సర్వే కుర్రాడు తలుపు కొట్టాడనుకోండి. తీసేది ఆయనే.

"మేడమ్ పేరు మీద ఉంది సార్ ఇల్లు. ఆమెతో మాట్లాడాలి."

"నాకు చెప్పు తమ్మీ, ఏంది?"

"కాలనీలో భద్రత ఎట్లుంది?"

"ఫస్ట్ క్లాస్! రాత్రి పదకొండింటికి వస్తా. ఒక్కడు నా జోలికి రాలే."

"నీ జోలికి ఎవడొస్తడయ్యా?" అని వంటింట్లోంచి వినిపిస్తుంది. ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. కుర్రాడు 'సురక్షితం' దగ్గర టిక్కు పెట్టి పక్కింటికి పోతాడు.

అదే లిఫ్టు, అవే మెట్లు. ఆయన వాటి మీద నడుస్తాడు, ఆమె లెక్క కడుతుంది. ఏ అంతస్తులో ట్యూబులైటు పోయిందో, ఏ మలుపులో ఎవరు నిలబడతారో ఆమెకు కంఠతా. లిఫ్టులో ముక్కూమొహం తెలియని మగమనిషి ఒక్కడే ఉంటే, "మీరు పోండన్నా, మా ఆయన వస్తుండు" అంటుంది. ఆ టైములో ఆయన డ్యూటీలో ఉంటాడు. ఇలా మన కాలనీల్లో ఎప్పుడు చూసినా పదిమంది ఆడవాళ్లు రాని మొగుళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. ఇంత పాతివ్రత్యం పురాణాల్లో కూడా లేదు. కాలేజీ పిల్లయితే చచ్చిన ఫోను చెవికి ఆనించుకుని "ఆఁ నాన్నా, కిందికొచ్చావా" అంటూ మెట్లెక్కుతుంది. చీకటి భయానికి రాత్రి వంట పని మానుకున్నామె జీతం నష్టం ఏ పద్దులో రాస్తారో ఆ ఆర్థిక శాఖకే తెలియాలి.

కొల్లూరులో 2023 జూన్ 22న 117 బ్లాకులు, 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీని ప్రారంభించారు. తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. ఎవరికి ఏ ఇల్లో కంప్యూటర్ డ్రా తేల్చింది. యంత్రానికి పక్షపాతం లేదు, నిజమే. అంతకుముందు ఉన్న బస్తీలో తెల్లవారుజామున పనికి తోడొచ్చే పొరుగామె ఏ కాలనీలో, ఏ బ్లాకులో పడిందన్న చింతా లేదు. బస్తీ ఇరుకు, మురుగు, అన్నీ ఒప్పుకుంటాను. అరుగు మీద మాత్రం ఓ ముసలమ్మ ఉండేది. కొత్త మొహం కనబడితే "ఎవర్రా నువ్వు, ఎవరింటికి?" అని అడిగేది. కరెంటు పోయినా పనిచేసేది. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో పాత జాగాలోనే రెండంతస్తులు లేపి 396 ఇళ్లు కట్టారు. అంత ఎత్తు నుంచైతే ముసలమ్మ కేక ఇంకా కిందికి వినబడుతుంది. పదకొండో అంతస్తు నుంచి ఆమె అడిగేలోపు వచ్చినవాడు వచ్చిన పని చూసుకుని వెళ్లిపోతాడు.

మన పేరులేని కాలనీ సంక్షేమ సంఘం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మహిళల భద్రత మీద ప్రత్యేక సమావేశం పెట్టింది. లైట్లకు ఫండ్ లేదన్నారు. పేకాట మనవాళ్లదే, పోనిమ్మన్నారు. చివరికి, ఏడు దాటాక ఆడవాళ్లు కిందికి దిగకపోవడం మంచిదని తీర్మానం చేశారు. సమావేశం రాత్రి ఎనిమిదిన్నరకు, స్టిల్ట్ పార్కింగ్‌లో జరిగింది. మహిళల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదని మినిట్స్ బుక్కులో రాసుకున్నారు.